ఆమెకు ఎరుక

"మా అన్నకు ఏం గాలె వదినె. నీ పోరు పడలేకనే ఆయన గట్ల బిత్తర చూపులు చూస్తాండు," అన్నాడు పర్శరాములు అన్నం కలుపుకుంటూ.

మొగిలమ్మ మరిదికి చారు పోసి మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. కండెలు చుడుతూనే మగ్గం మీదున్న భర్తకు జంపఖానా రంగుచారల వరుస చెప్పాలి. "ఎర్రది అయిపోయింది. ఇగ నల్లది." వెంకటరాజం నల్లకండె అందుకున్నాడు. ముప్పై ఏళ్లు జంపఖానలు నేసిన మనిషికి ఏడాదిగా వరుస గుర్తుండటం లేదు. చార తప్పితే మరిది అడిగేది ఆమెనే, "నువ్వు చూస్తలేవా?" అని. మొన్న సర్కారిచ్చే కంట్రోలు నూలు కోసం పోయినాయన కాజీపేటలో రైలు పట్టాల పక్కన తిరుగుతుంటే ఎవరో రైల్వే ఆయన పట్టుకొచ్చి ఇంట్లో దింపాడు. ఆ రైల్వే ఆయన ముందరే అడిగాడు మరిది, "ఒక్కన్ని ఎందుకు పంపినవ్?" అని. నూలుకు పోవాల్సిన వంతు తనదేనని మాత్రం అనలేదు.

ఆ వారమే మరిదిని బతిమాలి అన్నదమ్ములిద్దరినీ దవాఖానకు బయల్దేరదీసింది. మరిది బయట బండి దగ్గరే ఆగిపోయాడు. డాక్టరు నెమ్మదస్తుడు. నాడి చూశాక మతి ఎట్లా ఉందో చూస్తానని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇది ఏ నెల? ఇవ్వాళ ఏ వారం? పిల్లలెందరు? ప్రతి ప్రశ్నకూ వెంకటరాజం ఆమె వైపు తల తిప్పాడు. "శ్రావణం," అన్నది ఆమె. "బేస్తారం." "ఇద్దరు బిడ్డలు, ఒకతిని పాలకుర్తికిచ్చినం, ఒకతిని కేసముద్రానికి." ఆయన ఆ మాటలే తిప్పి చెప్పాడు. డాక్టరు నవ్వి బలానికి మందు రాశాడు. ఇంటికి చేరేదాకా పర్శరాములు అదే మాట: "చెప్పిన్నా లేదా?"

ఆ రోజంతా మొగిలమ్మకు తన మీద తనకే కోపం. జవాబులు చెప్పాలని ఆమె అనుకోలేదు. ఆయన చూశాడు, నోరు కదిలింది, అంతే. పెళ్లయిన నాటి నుంచీ అంతే కదా. ఏ చుట్టానికి ఏ వరుస, ఎవరి ఇంటికి ఎప్పుడు ఒడిబియ్యం, చిన్నదానికి అమ్మవారు పోసింది ఏ ఏడు, తాళం చెవి ఎక్కడ, ఆయన అంగీ ఎక్కడ, అన్నీ ఆమె తలలోనే ఉండాలి. ఒక్కనాడు కూరలో ఉప్పు మరిస్తే అత్త నలుగురిలో అన్నది, "మతిలేని దాన్ని తెచ్చుకుంటిమి." ఆయన విని నవ్వాడు. ఆయనకు మరుపు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు? గుర్తుపెట్టుకోవాల్సిన పని ఆయనకు ఏనాడు పడింది గనక? ఇంతకాలం ఆయన రోగాన్ని దాచిపెట్టింది ఆమె తెలివే.

పది రోజులకు, ఆమె బావి దగ్గరికి పోయి వచ్చేలోపు, వెంకటరాజం నూలుకు రంగేసే మసులుతున్న కాగులో చెయ్యి పెట్టాడు. మరిది అరుగు మీదే ఉన్నాడు. "నీ కండ్లు ఏడవోయినయ్ వదినె?" అన్నాడు.

ఆమె భర్త చేతి మీద చల్లనీళ్లు కుమ్మరించింది. "బండి కట్టు. ఈసారి నువ్వు లోపలిదాక రావాలె," అన్నది.

డాక్టరు కాలిన చేతికి కట్టు కట్టాడు. "మొన్న అడిగిన మాటలే మళ్ల అడుగుండ్రి సాబ్," అన్నది మొగిలమ్మ. "అప్పుడు జవాబులు చెప్పింది నేను. ఇయ్యాల నేను మాట్లాడ."

"ఇది ఏ నెల?" అడిగాడు డాక్టరు.

వెంకటరాజం ఆమె వైపు చూశాడు. ఆమె పెదవులు బిగబట్టింది. ఆయన కాసేపు చూసి, తల వంచుకుని కట్టు అంచును లాగసాగాడు.

"పిల్లలెందరు?"

"ఒక్కతే బిడ్డ. మొన్ననే పుట్టింది," అన్నాడు. ఆ బిడ్డకు ఇప్పుడు ముగ్గురు పిల్లలు.

"మీ ఇల్లు ఎక్కడ?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆమెనడుగు సాబ్. ఆమెకు అన్ని ఎరుకే."

ముప్పై ఏళ్లలో ఆమె గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది. నోటి చివరిదాకా వచ్చిన వాడ పేరును మొగిలమ్మ మింగేసింది. ఆయన్ను అట్లా నిలబెట్టి చూడటం కన్నా ఆ కాగులో తన చెయ్యి పెట్టడం తేలిక అనిపించింది. పక్కన పర్శరాములు గోడకు ఆనుకున్నాడు.

"ఇది తగ్గేది కాదు, పెరిగేది," అన్నాడు డాక్టరు. "నిప్పు దగ్గర, నీళ్ల దగ్గర ఒంటరిగా వదలొద్దు. ఎప్పుడూ ఒక మనిషి పక్కన ఉండాలి."

పర్శరాములు వదినె వైపు తిరిగాడు. "ఇంత ముదిరిందాక చెప్పకపోతివేంది వదినె?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

డాక్టరు కాగితం మీద రాస్తూ తలెత్తాడు. "చూసుకునే మనిషి పేరు?"

"మొగిలమ్మ. మా వదినె," అన్నాడు పర్శరాములు వెంటనే.

"రెండు పేర్లు రాయుండ్రి సాబ్," అన్నది ఆమె. "మాపటి నుంచి తెల్లారేదాక నేను. తెల్లారినంక పర్శరాములు, ఆయన తోడబుట్టినోడు. పొద్దంతా మగ్గం మీద నేను కూసుంట."

"ఆడామె మగ్గమెక్కితే నలుగురు ఏమంటరు వదినె?"

"వరుస నాకే ఎరుక," అన్నది మొగిలమ్మ. డాక్టరు రెండో పేరు కూడా రాసేదాకా ఆమె బల్ల ముందు నుంచి కదలలేదు.