మొహమాటం మీద పరిశోధన

ఆమె సమాజశాస్త్రం ప్రొఫెసర్. జనం అవసరం లేనివి ఎందుకు కొంటారన్నది ఆమె జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. దేశదేశాల బజార్లు తిరిగి, దుకాణాల్లో ఓ మూల కూర్చుని గమనించి, లావుపాటి పుస్తకం రాసింది. చెప్పులు విప్పి కూర్చున్న మనిషి కొనకుండా లేవలేడనీ, ఆ మొహమాటమే పెద్ద కంపెనీలకు పెట్టుబడి అనీ అందులో వివరించింది. జనాన్ని హెచ్చరించాలని ఆమె ఉద్దేశం.

తమ్ముడిది చెప్పుల షాపు. నాన్న పెట్టింది. దానికి ఎదురుగా విదేశీ కంపెనీ ఒకటి మూడంతస్తుల షోరూం తెరిచింది. ఏడాది తిరిగేసరికి తమ్ముడు ఈగలు తోలుకుంటున్నాడు.

"ఇంత చదివావు కదక్కా, ఏదో ఒకటి చెయ్యి," అన్నాడు.

చిన్న షాపుల గోడు చెబుదామని ఆమె షోరూం మేనేజరు దగ్గరికి వెళ్ళింది. పేరు వినగానే అతను లేచి నిలబడ్డాడు.

"మీరా మేడం! మా స్టాఫ్ ట్రైనింగంతా మీ పుస్తకంతోనే. మూడో అధ్యాయం మాకు ప్రాణం!"

ఆమె చుట్టూ చూసింది. ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఓ పెద్దాయన చెప్పులు విప్పి దూరంగా పెడుతోంది. ఆయన ఇబ్బందిగా నవ్వుతున్నాడు.

"నేను ఇందుకు రాయలేదు బాబూ."

"ఎందుకు రాసినా భలే పనిచేస్తోంది మేడం!" అంటూ సెల్ఫీ తీసుకున్నాడు. చిన్న షాపుల మాట ఎత్తకుండానే ఆమె బయటికి వచ్చేసింది.

వానలు తగ్గేసరికి తమ్ముడు షట్టరు దించేశాడు. ఓ ఆదివారం ఆమె పుస్తకమే పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"ఆ షోరూంలోనే ఉద్యోగం చూసుకున్నానక్కా. ముందు పరీక్ష పెడతారట. 'కొనుగోలుదారు సంకోచపు వ్యూహాత్మక వినియోగం' అంటే ఏంటి?"

"మొహమాటపెట్టడం రా."

"ఆ ముక్కే రాయొచ్చుగా! నా ప్రాణం తీశావు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె, "వద్దురా, ఇంకేదైనా చూద్దాం," అంది.

"ఏం చూద్దాం? చెప్పుల పని తప్ప నాకేమొచ్చు?"

లోకం ఎటు పోతోందో తరగతిలో గంటల తరబడి చెప్పగలదు. ఎదురుగా కూర్చున్న తమ్ముడికి ఇంకో దారి చూపలేకపోయింది. కళ్ళజోడు పెట్టుకుని మూడో అధ్యాయం తెరిచింది. చీకటిపడే దాకా చదివి చెప్పింది.

పరీక్షలో అతనే ఫస్టు. ఫోన్ చేశాడు.

"నీ తమ్ముణ్ణని చెప్తే చప్పట్లు కొట్టారక్కా!"

"సంతోషం రా."

"అన్నట్టు, నాన్న పెట్టిన షాపు బోర్డు విప్పించాను. ఇంటి తలుపులో పట్టట్లేదు. ఏం చెయ్యమంటావు?"