చరిత్రతో సహా

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో వెనక నుంచి భర్త గొంతు వినిపించింది. "నీతో చిన్న పనుంది. పెద్దదేం కాదు."

పెద్దదేం కాదు అని ఆయన అన్న పనులన్నీ ఆమెకి గుర్తున్నాయి. పాప పుట్టాక ఉద్యోగం మానెయ్యడం పెద్దదేం కాదు. మామగారు మంచాన పడితే ఎనిమిది నెలలు చూసుకోవడం పెద్దదేం కాదు. ఐదేళ్ల కిందట, "ఆఫీసు ఫైళ్లు మన ఇంటి పాత కంప్యూటర్లో తెరుచుకోవట్లేదు, ఏదన్నా చూడరాదూ, నీకు పెద్దదేం కాదు" అన్నదీ ఈ గొంతే. అలా చూడబోతే పుట్టిందే 'వంతెన' అనే ప్రోగ్రాం.

ఆయన కంపెనీ చాలా పెద్దది. అక్కడ తయారైన ఫైలు వాళ్ల యంత్రాల్లోనే తెరుచుకోవాలి, ఇంకెవరి దగ్గరా తెరుచుకోకూడదు. అదే దాని వ్యాపారం. ఒకప్పుడు ఆమె కూడా అక్కడే, ఆయన పక్క బల్ల దగ్గరే పనిచేసింది కనక ఆ గోడలో ఏ ఇటుక వదులుగా ఉందో ఆమెకి తెలుసు. పాప పడుకున్న గంటల్లో, పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా, ఆ ఫైళ్లని ఎవరి యంత్రంలోనైనా తెరిచే ప్రోగ్రాం రాసింది. ఆయన దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్లాడు. మొదట తిట్లు తిన్నాడు. తర్వాత గాలి మారింది. గోడలు కట్టుకున్న కొట్టుకి కొనేవాళ్లు రావడం తగ్గేసరికి పైవాళ్లకి జ్ఞానోదయమైంది. అందరి యంత్రాలూ కలిసి పనిచెయ్యాలట, ప్రోగ్రాములు ఎవరైనా చదవొచ్చట, ఎవరైనా దిద్దొచ్చట. పక్కింటి గాలి సోకితేనే తలుపేసుకునే అత్తగారు ఉన్నట్టుండి గోడ పడగొట్టి వీధి వీధంతటినీ భోజనానికి పిలిచినట్టు ఉంది వ్యవహారం. ఆ వడ్డనలో మొదటిది వంతెన. ఇవాళ పదకొండింటికి ప్రకటన. వేదిక మీద నిలబడేది ఆయన. ఆఫీసులో ఇప్పుడు ఆయన్ని అందరూ పిలిచేది 'వంతెన సార్' అనే.

"ఏంటా పని?" అంది, ఇస్త్రీ ఆపకుండా.

"ప్రోగ్రాంలో ఏది మార్చినా పక్కన నోట్ రాసేదానివి కదా. అందులో నలభై ఒకటి తుడిచెయ్యాలి. ఇదిగో, లిస్టు రాసిచ్చాను." కాగితం బల్ల మీద పెట్టి గ్లాసు బరువు పెట్టాడు. "ప్రోగ్రాం ఒక్కటే కాదట, మొదటి రోజు నుంచి దాని చరిత్ర మొత్తం బయటపెడతారట. దాపరికం లేదని జనానికి నమ్మకం కలగాలట. నిన్న మా టీమ్‌లో ఆ కొత్తమ్మాయి పాతవన్నీ చదువుతూ పగలబడి నవ్వింది."

"ఎందుకు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "'సార్, చంటిదానికి పాలిచ్చొచ్చి ఈ తప్పు సరిచేశానని రాశారు, మీరేనా?' అంది. పదిమందిలో."

ఆమెకి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో అంత నవ్వు. "మీరేం చెప్పారు?"

"ఏం చెప్తాను? మా ఆవిడ సరదాకి టైప్ చేసిందన్నాను. కీబోర్డు కనిపిస్తే ఊరుకోదన్నాను."

నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటి కంప్యూటర్ని మొదట అమర్చింది ఆయన, అందులో ఉన్నది ఆయన పేరు. ఏ మార్పు చేసినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది యంత్రం రాసిపెట్టుకుంటుంది. రెండు నెలలయ్యాక చూసుకుంది, తను చేసిన ప్రతిదాని పక్కనా ఆయన పేరే. అడిగితే, "నీదైతే ఏంటి, నాదైతే ఏంటి? మనకి వేరేవేరే ఏంటి?" అన్నాడు. అత్తగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "ఇంట్లో ఉండేదానికి పేరెందుకే అమ్మా, ఎవరు పిలుస్తారని?" అంది. ఆ రోజు అందరితోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

"పదకొండులోపు అయిపోవాలి. టీమ్‌లో ఇంకెవరికీ చెప్పలేను, అన్నీ చదివేస్తారు. నాకా, చేసే టైం లేదు." ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "చొక్కా మడత పడకుండా చూడు. కెమెరాలుంటాయి."

చేసే టైం లేదట. ఎలా చెయ్యాలో తెలియదని చచ్చినా అనడు. స్నానాలగది తలుపు పడింది. నీళ్ల చప్పుడు మొదలైంది.

ఆమె కాగితం తీసుకుంది. ఆయన దస్తూరీలో తన ఐదేళ్లు.

'పాపకి జ్వరం. సగంలో ఆపాను, మిగతాది రేపు.' 'మామగారికి దుప్పటి మార్చి వచ్చేసరికి తప్పు ఎక్కడుందో తట్టింది.' 'పాలు పొంగాయి. అయినా ఇది పనిచేసింది!' 'వేలు కాలింది, ఒంటిచేత్తో కొడుతున్నా.' 'ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. అక్షరాలు మాత్రం ఇప్పుడు తలకిందులు కావడం లేదు.'

చివరిదాని దగ్గర చూపు ఆగింది. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. అంత పెద్ద చిక్కు విడిపోతే చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేక యంత్రానికి చెప్పుకుంది. ఇప్పుడు అదీ తుడిచెయ్యాలి, అదీ తన చేత్తోనే. సొమ్మొకడిది సోకొకడిది అంటే వినడమే ఇన్నాళ్లూ. సొమ్ము పోగొట్టుకున్నవాళ్ల చేతే సోకుకి ఇస్త్రీ కూడా చేయిస్తారని ఏ సామెతలోనూ లేదు. గోడలన్నీ పడగొడతారట! ఎవరి గోడలు? వంటింటికీ ఆ వేదికకీ మధ్య ఉన్నదాన్ని మాత్రం తనే నిలబెట్టి, తనే సున్నం కొట్టి, పగుళ్లు కనపడకుండా పూడ్చిపెట్టాలి. ఒళ్లంతా భగ్గుమంది. చేతిలో ఇస్త్రీపెట్టె ఎంత వేడిగా ఉందో, అంతకన్నా వేడిగా.

చొక్కాకి ఒక చెయ్యే అయింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ముందుగా సెట్టింగుల్లోకి వెళ్లి ఆయన పేరు చెరిపింది. అక్కడ తన పేరు కొట్టింది. పెళ్లికి ముందు బడి రిజిస్టర్లో ఉన్న పేరు, పూర్తిగా. వేళ్లు ఒక అక్షరం దగ్గర తడబడ్డాయి. దిద్దుకుంది. తర్వాత వంతెన తెరిచి, మూడు నెలలుగా తనకి ఒక్కదానికే తెలిసిన చిన్న తప్పు, తేదీల దగ్గరిది, సరిచేసింది. పక్కన నోట్ రాసింది. ఆఫీసు యంత్రంలోకి పంపింది. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"చొక్కా ఏది?" ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"బల్ల మీద. ఇంకో చెయ్యి మిగిలింది. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది."

"అదేంటి? సరే, అవి తుడిచేశావా?"

"లేదు. నలభై రెండోది రాశాను."

ఆయన వంగి చూశాడు. జుట్టులోంచి నీటిచుక్కలు కీబోర్డు మీద పడ్డాయి. మొదటిసారి ఆమె పేరు, దాని పక్కన ఆమె మాట: 'తేదీల తప్పు సరిచేశాను. పైవన్నీ కూడా నేనే రాశాను, మొదటి అక్షరం నుంచి. చంటిదానికి పాలిచ్చిందీ నేనే.'

"తియ్యి! గంటన్నరలో లోకమంతా చూస్తుంది. తియ్యమంటుంటే!" ఆమె లేచి ఇస్త్రీపెట్టె దగ్గరికి నడిచింది. ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌస్ అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఎక్కడ నొక్కాలో తెలియలేదు. "ఎలా తియ్యాలే ఇది?"

"మీరు రాసిందే కదండీ," అంది ఆమె, ఇస్త్రీపెట్టె తీగ గోడలోంచి పీకుతూ. "పెద్దదేం కాదు."