జార్జిరాజుల కాలపు నేతగాళ్లు

గద్వాల డిగ్రీ కాలేజీలో బి.ఏ. చదివే పుష్పమ్మకు ఇంగ్లండు చరిత్ర ఒక పట్టాన కొరుకుడు పడలేదు. పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. తల్లి పోయాక తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టే పని కూడా ఆమెదే. అందుకని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, రాట్నం తిప్పుతూ, మగ్గం పక్కనే కూచుని చదివేది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తూ తండ్రి దశరథం వినేవాడు.

నలుగురు రాజులు వరసగా జార్జి అనే పేరే పెట్టుకున్నారంటే, ఆ దేశంలో పేర్లకూ కరువేనా అని మొదట నవ్వాడు. ఆ కాలంలో జనం ఎట్లా బతికారన్న పాఠం వచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి ఆగింది. అక్కడా ఇళ్లలోనే మగ్గాలట. మగవాళ్లు నేస్తే ఆడవాళ్లు నూలు వడికేవాళ్లట. సోమవారం మగ్గం ముట్టేవాళ్లు కాదట.

"మనకు అమాస ఉన్నట్టు వాండ్లకు సోమారం," అన్నాడు, తప్పిపోయిన చుట్టం దొరికినంత సంబరంగా. ఆ రోజు నుంచి వాళ్లు ఆయనకు సొంత మనుషులైపోయారు. మనోళ్లు ఏం తినేవాళ్లు, చలికి ఏం కప్పుకునేవాళ్లు అని అన్నం ముందు కూడా పిల్లను చంపుకుతినేవాడు.

ఈ ముచ్చట్లకు అదా సమయం? యంత్రం మీద నేసిన గద్వాల చీరలు అంగట్లోకి దిగాయి. కూలికి చీరలు నేయించుకునే సేటు పట్టు ఇవ్వడం తగ్గించాడు. పుష్పమ్మ మేనమామ మల్లేశం షోలాపూర్ నుంచి వచ్చి, పవర్‌లూమ్ షెడ్డులో బావకొక చోటు చూశానని, ఆదివారం తనతో రాకపోతే అది ఇంకొకరికి పోతుందని చెప్పాడు. శనివారం దాకా దశరథం ఎటూ తేల్చలేదు. ఆ సాయంత్రం మగ్గం ఆపి కూతుర్ని అడిగాడు.

"యంత్రాలొచ్చినంక వాండ్లేమైన్రు బిడ్డా?"

పుష్పమ్మ ఆ పేజీ ముందే చదివింది. కూలి పడిపోయి, ఊళ్లకు ఊళ్లు ఆకలితో మాడిపోయాయి. కానీ తండ్రి ముఖంలో అంత ఆశ చూశాక ఆమెకు నోరు రాలేదు.

"బాగనే ఉన్నరు నాయినా. చేతి నేతనే మేలని జనం మళ్ల వాండ్ల దగ్గరికే వచ్చిన్రు," అంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది.

తెల్లారి దశరథం బావమరిదిని రాయచూరు బస్సెక్కించి ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ చోటు వెనక వీధి భీమన్నకు ఇప్పించమన్నానని తేలిగ్గా చెప్పాడు. "వాండ్లు నిలబడ్డరు. మనం నిలబడలేమా?" అన్నాడు.

తన జాలే తండ్రి మెడకు ఉరితాడయిందని తెలిసి పుష్పమ్మ ఏడ్చేసింది.

"నేను అబద్ధం చెప్పిన నాయినా. వాండ్లు ఆకలికి సచ్చిన్రు. మామ రాయచూరుల రైలెక్కేది మాపటికి. ఇప్పుడు పోతే దొరుకుతడు."

దశరథం ఆమె తల నిమిరాడు. "నా మీది ప్రేమతోని పుస్తకాన్నే మారుస్తున్నవా? నేను షోలాపూర్ల జర సుఖపడాలనే గద?"

ఆమె పేజీ తెరిచి చూపించింది. చదువురాని మనిషి దాంట్లో ఏం చూస్తాడు? ఒట్టు పెట్టినా నమ్మలేదు. నవ్వుతూనే గుంటలోకి దిగి, ఆ పాఠంలో ఇంకా ఏం మిగిలిందో చదవమన్నాడు.

మిగిలినవన్నీ చావులే. పుష్పమ్మ కళ్లు తుడుచుకుని, ఆ పేజీలో లేని మాటలు చదవడం మొదలుపెట్టింది.