వంతెన కంటే ముందు వచ్చిన రాయి

నేను ఒక శంకుస్థాపన రాయిని. రోడ్డు పక్కన, ఆఫీసుల గోడలకు, చెరువు గట్ల మీద నాలాంటి వాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. బండి కాస్త నెమ్మది చేసి, ఎవరెవరి పేర్లున్నాయో చదివి, ఏ పని కోసం పాతారో చదవకుండానే వెళ్లిపోయి ఉంటారు. అందుకు నేనేమీ నొచ్చుకోను. మమ్మల్ని చేయించేవాళ్లు కూడా సరిగ్గా ఆ వరుసలోనే చదువుకుంటారు.

పుట్టింది కరీంనగర్ వైపు ఒక గుట్టలో. మరకు అడ్డం పెట్టి కోశారు, నీళ్లు పోస్తూ నున్నగా పాలిష్ పట్టారు. నాతోపాటు కోసిన పలకల్లో ఒకటి ఎవరి వంటింట్లోనో పొయ్యి గట్టయింది. ఇంకోటి బ్యాంకు మెట్టయింది. వాళ్లకు చేతినిండా పని, కాలినిండా పని. నన్ను మాత్రం లారీలో వేసి నందిగూడలో రాళ్ల మీద అక్షరాలు చెక్కే కాశన్న కొట్టు ముందు దించారు. పేర్లు మోసే బతుకు నాది అని ఆ రోజే తెలిసింది. కొంచెం గర్వపడ్డాను కూడా.

నందిగూడ మిల్లు ఊరు. మిల్లు పెట్టిన కొత్తలో పనికోసం నాలుగు దిక్కుల నుంచీ మనుషులు వచ్చారు. మరాఠీ వాళ్లు వచ్చారు, ఉర్దూ వాళ్లు వచ్చారు, ఎక్కడో శరణార్థి శిబిరం నుంచి బెంగాలీ వాళ్లు వచ్చారు, చుట్టుపక్కల పల్లెల తెలుగు వాళ్లు సరేసరి. ఊళ్లో చోటు చాలక అందరూ ఎర్రవాగు అవతల గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలే తరవాత బస్తీలయ్యాయి. వాగు మీద వంతెన మాత్రం రాలేదు. ఎండాకాలం బండల మీద అడుగులేసుకుంటూ దాటేవాళ్లు. వానాకాలం ఇవతలి చింతచెట్టుకూ అవతలి గుంజకూ కట్టిన మోకు పట్టుకుని దాటేవాళ్లు. వాగు మరీ పొంగితే ఎక్కడివాళ్లు అక్కడే.

ఆ వంతెన తెచ్చింది ఎమ్మెల్యే లింబాద్రి. ఆయన ఒకప్పుడు అదే మిల్లులో మూటలు మోసినవాడు. యూనియన్‌లో పెరిగి, జనం ఎత్తుకుంటే అసెంబ్లీకి వెళ్లాడు. నేను అసెంబ్లీ చూడలేదు. కాశన్న కొట్టు ముందు చాయ్ తాగుతూ జనం చెప్పుకుంటుంటే విన్నాను. సమావేశాలు జరిగినప్పుడల్లా ఎర్రవాగు పేరు ఎత్తేవాడట. "మీ వాగు మళ్లీ వచ్చిందా" అని తోటి సభ్యులు నవ్వేవారట. ఒకసారి మంత్రి కారు తలుపు పట్టుకుని, హామీ ఇచ్చేదాకా వదల్లేదట. పదవీకాలం అయిపోవచ్చిన చివరి ఏడాది మంజూరు వచ్చింది.

ఆయన ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడేవాడు. ఎవరింట్లో చావైనా ముందు వెళ్లేవాడు. కాదు అనే మాట ఆయన నోట వినలేదని బస్తీల వాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నేనూ అది గొప్పే అనుకున్నాను.

కాశన్న మొదట నా మీద తెలుగులో చెక్కాడు. పైన మంత్రి, కింద ఇంకో మంత్రి, ఆ కింద ఎంపీ, నాలుగో వరుసలో లింబాద్రి. అక్షరాల్లో తెల్లరంగు నింపాడు. ముహూర్తం దగ్గరికొచ్చింది. కాంట్రాక్టరు జేసీబీని తెచ్చి వాగు గట్టున నిలబెట్టాడు. కానీ మా దగ్గర ఒక ఆచారం ఉంది. రాయి లేవనిదే మట్టి లేవదు. ముందు నన్ను నిలబెట్టాలి, పరదా లాగాలి, కొబ్బరికాయ కొట్టాలి, చప్పట్లు కొట్టాలి. ఆ తరవాతే గుంత.

ఆ సమయంలోనే ఉర్దూ బస్తీ పెద్ద ఖదీర్ సాబ్ కొట్టుకు వచ్చాడు. లింబాద్రి కూడా అక్కడే ఉన్నాడు. ఖదీర్ సాబ్ నన్ను పైనుంచి కిందికి చూసి అన్నాడు.

"లింబాద్రి భాయ్, మా ముసలోళ్లకు తెలుగు చదువనీకి రాదు. బ్రిడ్జి మాది గూడ గదా. మా జబాన్ల గూడ నాలుగు అక్షరాలు ఉంటే మంచిగుంటది."

"ఎందుకుండదు ఖదీర్ భాయ్. తప్పకుంట పెట్టిద్దాం" అన్నాడు లింబాద్రి.

కాశన్న నన్ను పడుకోబెట్టి మర పెట్టి అరగదీశాడు. తెలుగు పోయింది. ఉర్దూ రాసేవాణ్ణి వెతికి తెచ్చి, రెండు భాషల్లో మళ్లీ చెక్కాడు. ఆ రంగు ఎండేలోపు మరాఠీ బస్తీ వాళ్లు వచ్చారు. వాళ్లు తప్పుగా ఏమీ అడగలేదు. "వాళ్లది ఉంటే మాది ఎందుకు లేదు" అన్నారు. లింబాద్రి తలూపాడు. నన్ను మళ్లీ అరగదీశారు. ఆ తరవాత బెంగాలీ కాలనీలో బట్టలు కుట్టే బిశ్వాస్ వచ్చి, తన సుద్దముక్కతో అక్షరాలు గీసి చూపించి, ఎంతో మర్యాదగా నిలబడ్డాడు. అంత మర్యాదగా నిలబడ్డ మనిషిని కాదనడం ఎవరివల్లా కాదు. లింబాద్రివల్ల అసలే కాదు. ఆపైన ఏది పైన, ఏది కింద అనే గొడవ. ఎవరినీ పైన పెట్టకుండా నాలుగు మూలల్లో నాలుగు భాషలు పెట్టమన్నాడు లింబాద్రి. అంటే ఇంకోసారి అరగదీయడం.

"సారూ, ఇది రాయా, అట్లకాడనా? ఇంక సన్నగైతే గాలికి ఎగురుతది" అన్నాడు కాశన్న. లింబాద్రి నవ్వాడు. నవ్వి, పని ఆపవద్దన్నాడు.

అప్పుడే శేవంతాబాయి వచ్చింది. వాగవతలి అంగన్వాడీలో టీచరమ్మ ఆమె. ఇల్లు కూడా అవతలే, భర్త నాందేవ్ మిల్లులో కాంటా దగ్గర పని. ఊళ్లోకి వచ్చి పిల్లలకు పాలూ గుడ్లూ తీసుకుని, తలమీద పెట్టుకుని, రోజూ వాగు దాటేది. ఆ బస్తీల నాలుగు భాషల పిల్లలూ ఆమె దగ్గరే కూర్చుని ఒకే పాట పాడేవారు. వంతెన కోసం లింబాద్రి ఇంటికి ఎక్కువసార్లు వెళ్లింది ఆమే. ఆ రోజు బరువు దించకుండానే మాట్లాడింది.

"దాదా, రాయి మీద ఏ భాషుంటే ఏంది. దినాలు లెక్కవెట్టిండ్రా? మిరుగానికి నాలుగు నెల్లే ఉన్నది, వానలు పడేలోపట బ్రిడ్జి లేవాలె. ఆ జేసీబీని ఊకె నిలవెట్టిండ్రు. ముందుగాల్ల పని మొదలువెట్టుండ్రి."

"నిజమే చెల్లె. కానీ ఒక్కల్ని కాదంటే మనసు నొచ్చుకుంటరు. గిన్నేండ్లు ఆగినం, ఇంక నాలుగు రోజులే గదా."

"నొచ్చుకుంటే నేను మాట్లాడత. నాకు అప్పజెప్పుండ్రి."

"నీకెందుకమ్మ ఆ లొల్లి" అని ఆమెను పంపించాడు. ఆమె వెళ్తూ నా మీద చెయ్యి వేసి చూసింది. మరాఠీ మూలలో ఉన్న అక్షరాలు చదువుకుంది. బాగానే ఉన్నాయి అన్నట్టు తలాడించింది. ఆమెకూ ముచ్చటగానే ఉంది మరి.

చివరికి నేను తయారయ్యాను. వాగు ఇవతలి గట్టున సిమెంటు దిమ్మ కట్టి నన్ను నిలబెట్టారు. పసుపు పరదా కప్పారు. మర్నాడు మంత్రి రావాలి. షామియానా వేశారు, కుర్చీలు దింపారు. ఆ సాయంత్రమే ఎన్నికల ప్రకటన వచ్చింది. తాసీల్దారు ఆఫీసు నుంచి మనుషులు జీపులో వచ్చారు. కోడ్ వచ్చిందన్నారు, కొత్త పనులు బందన్నారు. అప్పటికే గుంత తవ్వి పని మొదలై ఉంటే ఆపేవాళ్లు కారట. మా దగ్గర తట్టెడు మట్టి కూడా లేవలేదు. నా మీద నాయకుల పేర్లున్నాయి కాబట్టి పరదా తీసి, పాత న్యూస్‌పేపర్లకు గంజి పూసి నన్నంతా అతికించారు. నాలుగు భాషలూ ఒకేసారి మూసుకుపోయాయి. జేసీబీ వెనక్కి తిరిగి వెళ్లిపోయిన చప్పుడు విన్నాను.

లింబాద్రి ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. బస్తీలన్నీ ఆయనకే వేశాయి, నియోజకవర్గంలోని మిగతా ఊళ్లు వేయలేదు. కొత్తగా గెలిచినాయన ఎర్రవాగు వైపు రాలేదు. మంజూరు వెనక్కి పోయింది.

ఆ ఏడు మిరుగం గట్టిగా కురిసింది. ముందురోజు పాలూ గుడ్లకు వచ్చి, వాగు పొంగడంతో ఊళ్లోనే ఆగిపోయిన శేవంతాబాయి ఒక ఉదయం నా పక్కనుంచి నడిచి వాగులోకి దిగింది. పేపర్లతో నా కళ్లు మూసి ఉన్నాయి, కానీ ఆమె నడక నాకు తెలుసు. గట్టు మీద ఎవరో "ఇయ్యాల వద్దు టీచరమ్మా" అన్నారు. "పిల్లలు నిన్నటి సంది ఎదురుచూస్తున్నరు, మోకున్నది గదా" అంది. పైన ఎక్కడో వాన పడి, ఉన్నట్టుండి నీళ్లు పెరిగాయి. మోకు తెగలేదు. చెయ్యే జారింది. అవతల గట్టున పిల్లలు అరిచిన అరుపు ఇప్పటికీ నాలో ఉంది. రాయికి గుండె ఉండదంటారు. ఉండకపోతే బాగుండేది.

మర్నాడు ఆమె కింద చెక్‌డ్యాం దగ్గర దొరికింది. నాలుగు బస్తీల వాళ్లూ గట్టున చేరారు. ఎవరి భాషలో వాళ్లు ఏడ్చారు. ఆ ఏడుపులో ఏది పైన, ఏది కింద అని ఎవరూ అడగలేదు.

లింబాద్రి వచ్చి నాందేవ్ ముందు నిలబడ్డాడు. నాందేవే మాట్లాడాడు.

"ఆమె మిమ్మల్ని ఎన్నడు ఒక్క మాట అనలే సారు. మా దాదా అందరోడు అన్నది. గా రాయి ముచ్చట నేను తీస్తే నామీదనే కోపం జేసింది."

నాందేవ్ తిట్టి ఉంటే లింబాద్రికి కాస్త తేలికయ్యేది. ఆ మాట విన్నాక ఆయన నా దిమ్మ పక్కన కూలబడ్డాడు. నా మొహం మీది కాగితాలు గోళ్లతో గీకాడు. తన పేరు కనబడేదాకా గీకి, కాశన్నను పిలిపించి, ఆ పేరు తీసెయ్యమన్నాడు. కాశన్న ఉలి తెచ్చాడు కానీ వాడలేదు. "సన్నగైపోయింది సారు. ఇంకొక్క దెబ్బకు పలుగుతది" అన్నాడు. అలా ఆయన పేరు నా మీద ఉండిపోయింది.

ఆ తరవాత లింబాద్రి పదవి లేని మనిషిగా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకప్పుడు లోపలి గదిలో కూర్చున్నవాడు ఇప్పుడు బయటి బల్ల మీద కూర్చున్నాడు. అటెండర్లు మొదట్లో లేచి నిలబడేవారట, తరవాత లేవడం మానేశారట. తనను ఓడించిన మనిషి ఇంటికి కూడా వెళ్లి, అందరితోపాటు వరుసలో నిలబడ్డాడట. కొన్నేళ్లకు వంతెన మళ్లీ మంజూరైంది.

ఇంజనీరు జేసీబీతో వచ్చి కొలతలు తీసే రోజు బస్తీల పెద్దలంతా గట్టుకు వచ్చారు. వంతెనకు శేవంతాబాయి పేరు పెట్టాలన్నారు. మంచి మాటే. కొత్త రాయి మీద ఆమె పేరు మరాఠీలో ఉండాలని ఒకరు, ఆమె చదువు చెప్పింది తెలుగులో కదా అని ఒకరు, అన్ని భాషల్లో ఉండాలని బిశ్వాస్. వాళ్లంతా ఆమెను ప్రేమించే అడుగుతున్నారు. అదే నాకు భయం వేసింది.

లింబాద్రి వెనక నిలబడి విన్నాడు. తరవాత ముందుకు వచ్చాడు.

"రాయి వద్దు" అన్నాడు. "తెలుగుల వద్దు, మరాఠీల వద్దు, దేంట్ల వద్దు. ఇయ్యాల్నే గుంత తవ్వుండ్రి."

"అరే, ఒక్క రాయికి ఏమైతది భాయ్" అన్నాడు ఖదీర్ సాబ్.

"ఏమైతదో మనకు తెల్వదా? మీరు అడిగిండ్రు, నేను సరే అన్న. ఆమె పోయింది. మల్ల అడుగుతున్నరు. నేను కాదంటున్న."

ఖదీర్ సాబ్ మొహం ఎర్రబడింది. "ఇప్పుడు మా ఓట్లతోని నీకు పని లేదు లింబాద్రి. గందుకే గిట్ల మాట్లాడుతున్నవ్. ఆమె చావు మా మీద ఏస్తున్నవా?" అన్నాడు. బిశ్వాస్ తల దించుకుని వెళ్లిపోయాడు. ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. ఇంజనీరు ఇటూ అటూ చూసి, జేసీబీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

మొదటి గుంత నా దిమ్మ ఉన్న చోటే పడింది. దిమ్మను పెళ్లగించినప్పుడు నేను రెండు ముక్కలయ్యాను. వంతెన పూర్తయ్యాక గట్టు కోసుకుపోకుండా పేర్చే రాళ్లలో నన్నూ పేర్చారు. ఒక ముక్క ఎక్కడికి పోయిందో తెలియదు. మాట్లాడుతున్న ఈ ముక్క అవతలి గట్టున, అక్షరాలు మట్టివైపు పెట్టుకుని పడుకుని ఉంది. వంతెన మీద పేరేమీ లేదు. జనం 'బిర్జీ' అంటారు, అంతే.

ప్రారంభానికి లింబాద్రిని ఎవరూ పిలవలేదు. ప్రభుత్వం మరిచిపోయింది. బస్తీలవాళ్లు మరిచిపోలేదు, పిలవలేదు. అందరోడు అనిపించుకున్న మనిషి ఇప్పుడు ఏ బస్తీవాడూ కాదు. ఖదీర్ సాబ్ కొడుకు పెళ్లి పిలుపు ఆయన ఇంటికి రాలేదని నా మీద కూర్చుని బీడీలు కాల్చుకునేవాళ్లు చెప్పుకున్నారు.

కొన్ని రోజులయ్యాక ఒక పొద్దున లింబాద్రి ఒక్కడే వచ్చాడు. వంతెన మీద మెల్లగా నడుస్తూ నేనున్న బస్తీల వైపు చివర దాకా వచ్చి ఆగాడు. కింద వాగు నిండా నీళ్లున్నాయి. పిల్లలు సైకిళ్ల మీద ఆయన్ను తప్పించుకుని పోయారు. వాళ్లకు ఆయనెవరో తెలియదు. పనికి బయల్దేరిన నాందేవ్ ఆయన్ను చూసి గబగబా దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఇంత దూరమొచ్చి గీడనే నిలవడ్డరేంది? ఇల్లు గీ ముంగటనే. రాండ్రి, చాయ్ తాగి పోదురు."

లింబాద్రి నాందేవ్ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు నాందేవ్" అన్నాడు.

అని, బస్తీల గట్టు మీద అడుగు పెట్టకుండానే, వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.