ఏడు వరుసల్లో చుక్కలాయన

మా ఆఫీసులో నన్ను వెనకాల బూడిదక్క అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఒక్కరికీ లేదు. మేం అచ్చువేసేది ప్రముఖుల జీవిత విశేషాల కోశం. పుట్టుక, చదువు, ఘనకార్యాలు తలా ఒకరు చూసుకుంటారు. చివరి రెండు పంక్తులు నావి: దహనం ఎక్కడ జరిగింది, అస్థికలు ఎక్కడ ఉన్నాయి. రెండు సాక్ష్యాలు దొరికితే రాస్తాను. దొరక్కపోతే ‘తెలియదు’ అని పెట్టి చేతులు దులుపుకుంటాను.

ఈ రెండు పంక్తుల దగ్గరికొచ్చేసరికి చుట్టాలు కోతలు కోస్తారు. ఒక నటుడి అస్థికలు సముద్రంలో కలిపామని తమ్ముడు, తోటలో పెట్టామని బావమరిది ఒట్టేసి చెప్పారు. ఇద్దరూ ఫొటోల్లో ముందున్నారు గానీ దహనశాల గడప తొక్కినవాళ్ళు కారు. అందుకే నేను మనుషుల కన్నా మట్టిబిళ్ళను నమ్ముతాను. అక్కడ ప్రతి మనిషితో పాటు అంకె వేసిన మట్టిబిళ్ళ ఒకటి కొలిమిలోకి వెళ్తుంది. మనిషి బూడిదవుతాడు, బిళ్ళ అలాగే ఉంటుంది. రిజిస్టరులో ఆ అంకే రాసుకుని, బిళ్ళను బూడిదతో పాటు కుండలో వేసి ఇచ్చేస్తారు.

చుక్కలాయన పని పూటలో తేలిపోతుందనుకున్నాను. ఆయన పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. ఫలానా చుక్క ఒకటి కాదు, రెండని జీవితమంతా వాదించాడు. మీ దూరదర్శినిని మోసే స్తంభం ఊగుతోంది, అందుకే ఒకటి రెండుగా కనిపిస్తోందని పెద్దలు కొట్టిపారేశారు. కొత్త స్తంభం కట్టించండి మహాప్రభో అని ఆయన రాసిన ఉత్తరాలు మా ఫైల్లో ముప్ఫైయెనిమిది ఉన్నాయి. రోడ్డు మీద లారీ వెళ్తే చాలు, మెట్లు దిగి డ్రైవరు మీద కేకలేసేవాడట. చివరికి స్తంభానికి అనుమతి వచ్చింది, ఆయన పోయిన వారానికి. అదే దూరదర్శినితో మరో రెండేళ్ళకు తర్వాతివాళ్ళు ఆ చుక్క రెండేనని తేల్చారు.

దహనశాల రిజిస్టరులో ఆయన అంకె 618. కుండ కూతురు తీసుకెళ్ళినట్టు సంతకం ఉంది. ఆయన పనిచేసిన వేధశాలలో కొత్త స్తంభం అడుగున గూడు, దాని మీద రాతిపలక, పలక మీద ఆయన పేరు. కానీ పలకలు ఏమైనా చెబుతాయి. తెరిచి చూడాలన్నాను. డెబ్బై రెండేళ్ళ కూతురు తానే దగ్గరుండి తెరిపిస్తానంది.

దూరదర్శిని నడిపే ఆపరేటరు పలక ఊడదీశాడు. కుండ ఉంది. మూత తీస్తే అడుగు కనిపిస్తోంది. బూడిద లేదు, బిళ్ళా లేదు.

పెద్దావిడ కుండను రెండు చేతులతో పట్టుకుని అందులోకే చూసింది.

“నలభై ఏళ్ళుగా నెలనెలా ఇక్కడికొచ్చి నాన్నతో కబుర్లు చెబుతున్నాను అమ్మాయ్. ఖాళీ కుండతోనా?”

పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తుందని నసిగాను.

“అయితే ‘తెలియదు’ అని వేసేస్తావా? ఆకాశంలో దేన్నైనా వేలుపెట్టి చూపించిన మనిషి తను ఎక్కడున్నాడో తెలియదని వేస్తావా?”

వేస్తాననడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ కుండను మీరే గూట్లో పెట్టారా అని అడిగాను. లేదట. అప్పటికి స్తంభం పని జరుగుతోంది, కుండను వాచ్‌మన్ గదిలో ఉంచి వెళ్ళిందట. వాచ్‌మన్ ఎప్పుడో పోయాడు. పాత రిపేరు ఫైలు తిరగేస్తే స్తంభం కట్టిన మేస్త్రీ చిరునామా దొరికింది. రెండు వీధుల అవతలే.

తలుపు తీసిన ముసలాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మేం నోరు తెరవకముందే లోపలికి వెళ్ళి గుడ్డమూట ఒకటి తెచ్చాడు. విప్పితే మట్టిబిళ్ళ. 618.

“ఎప్పటికైనా వస్తారనుకున్నాను తల్లీ,” అన్నాడు పెద్దావిడతో. ఆయన చేతులు వణుకుతున్నాయి. “మా పనిలో సున్నంలో బూడిద జల్లించి కలుపుతాం, గట్టిగా పట్టుకుంటుందని. బూడిద కావాలని వాచ్‌మన్‌కి పొద్దున్నే చెప్పాను. మధ్యాహ్నం వాడి గదిలో కుండ కనిపించింది, నాకోసమే తెచ్చాడనుకున్నాను. పలుకులుంటే నూరి మరీ కలిపాను. జల్లెడలో ఈ బిళ్ళ మిగిలింది. ఏ పొయ్యి పెంకో అనుకుని, మీద అంకె చూడకుండానే జేబులో వేసుకున్నాను. మూడోరోజు నువ్వు పూలు పట్టుకుని వచ్చి, మా నాన్న కుండ ఏదీ అని అడిగావు. నేను కలిపిందేమిటో అప్పుడు తెలిసింది. ఖాళీ కుండే గూట్లో పెట్టి మూసేశాను. ఆ రోజు నుంచి సరిగ్గా నిద్రపోలేదమ్మా. ఏం శిక్ష వేసినా పడతాను.”

పెద్దావిడ తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నేనైతే రెండూ చేసేదాన్ని.

“ఎంత కలిపారు మేస్త్రీ గారూ?”

“మొత్తం, తల్లీ.”

“ఏ వరుస నుంచి ఏ వరుస దాకా?”

“వచ్చి చూపిస్తాను,” అన్నాడాయన. చొక్కా మార్చుకుని మాతో బయల్దేరాడు.

స్తంభం దగ్గర ఆయన చేతుల వణుకు ఆగిపోయింది. కింది నుంచి ఇటుక వరుసలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, మోకాలి ఎత్తున అరచేయి ఆనించాడు. “ఇక్కడ మొదలు.” ఏడు వరుసలు పైకి జరిపాడు. “ఇక్కడితో అయిపోయింది.”

నాకప్పుడు తట్టింది. స్తంభం కట్టించమని జీవితమంతా మొత్తుకున్న మనిషి స్తంభంలోనే కలిసిపోయాడు. చుక్క రెండని లోకం ఒప్పుకున్న రోజున ఆ దూరదర్శినిని మోస్తున్నవాడు ఆయనే. ప్రముఖుల బూడిద వెంట పదహారేళ్ళు తిరిగాను, ఒక్క చోటా చేతులు జోడించబుద్ధి కాలేదు. ఇక్కడ నాకు తెలియకుండానే జోడించాను.

“కట్టిన తర్వాత ఇదెప్పుడైనా ఊగిందా?” ఆపరేటరును అడిగింది పెద్దావిడ.

“లేదమ్మా. ఊగితే రాయాలని రిజిస్టరు పెట్టారు. నలభై ఏళ్ళుగా అందులో ఒక్క ముక్క రాయాల్సిన పని పడలేదు.”

ఇంకా పొద్దుంది. అయినా శుక్రుణ్ణి చూపిస్తానని అతను దూరదర్శినిని తిప్పాడు. ముందు నన్ను చూడమన్నారు. నీలాకాశంలో తెల్లగా, గోటి ముక్కంత నెలవంక; శుక్రుడికీ చంద్రుడిలాగే కళలుంటాయట. పట్టపగలు మన నెత్తిమీద ఇదంతా ఉంటుందా అని నోరెళ్ళబెట్టాను. తర్వాత మేస్త్రీ చూశాడు. “అమ్మో,” అన్నాడు, అంతే.

పెద్దావిడ చివరిగా కంటిని గొట్టానికి ఆనించింది. ఒక చేయి కిందికి చాపి, ఏడో వరుస ఇటుక మీద ఆనించింది. సరిగ్గా అప్పుడే బయట లోడు లారీ ఒకటి గర్జించుకుంటూ వెళ్ళింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. నా కాళ్ళ కింద నేల అదిరింది.

నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను. మేస్త్రీ మాట ఒక సాక్ష్యం, బిళ్ళ రెండోది. అస్థికలు: దూరదర్శిని స్తంభంలో, ఏడు వరుసలు.

పెద్దావిడ కన్ను తీయకుండానే నవ్వింది.

“లారీ శబ్దం వింటే మా నాన్న ఒక్క క్షణం నిలబడేవాడు కాదు మేస్త్రీ గారూ. ఇప్పుడు చూడండి, ఎంత బుద్ధిగా నిలబడ్డాడో!”