కొమురవ్వ కూర్చున్న గంప

నేను ఒక వెదురు గంపను. మేదరి చేతుల్లో తయారవుతున్నప్పుడు, పత్తి నింపుకొని ఎవరి నెత్తి మీదో ఊరేగుతాననుకున్నాను. సంతలో నన్ను కొన్న గొర్రెలకాపరి అయిలయ్య ఇంటికి రాగానే నన్ను బోర్లించి, మీద బండరాయి పెట్టాడు. అదీ నా ఊరేగింపు!

మందతో నడవలేని గొర్రెపిల్లల్ని పగలంతా నా కింద మూసి అతను మేపుకు పోయేవాడు. కాపలా అతని భార్య కొమురవ్వది. ఆ ఈతలో పుట్టినవాటిలో మిగిలినవి రెండే పిల్లలు. మిగతావాటిని కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఊరివాళ్లే కోళ్ల పేగులు తెచ్చి ఊరి చివర పారబోస్తారు. కుక్కలు రుచి మరిగాయని మళ్లీ వాళ్లే ముక్కున వేలేసుకుంటారు.

ఒక మధ్యాహ్నం నా మీదికి ఎండ వచ్చింది. కొమురవ్వ రాయి దించి, పిల్లలతో సహా నన్ను మెల్లగా నీడకు జరిపింది. రాయి కోసం తిరిగేసరికి దడి సందులోంచి నాలుగు కుక్కలు దూరాయి. కర్ర గోడ దగ్గర ఉంది, రాయి ఎండలో ఉంది. ఏమీ తోచక ఆమె నా మీద కూలబడింది.

"హడ్! పోండ్రి!"

ఎంత అరిచినా పలికేవారు లేరు. వాడంతా పత్తి ఏరడానికి పోయింది. కుక్కలు కొంచెం జరిగి కూర్చున్నాయి. వాటికేం తొందర? ఆమె కాలు కదిపితే లేచి ముందుకు వచ్చేవి.

"అరువకుండ్రి బిడ్డా, నేనున్న గదా," అని లోపలి పిల్లలకు చెప్పేది.

ఇంతలో నా బద్ద ఒకటి చిట్లింది. పూర్తిగా కూర్చుంటే పిల్లలు నలిగిపోతాయి, లేస్తే కుక్కలు పీక్కుతింటాయి. కొమురవ్వ బరువంతా పాదాల మీద మోపి, కూర్చునీ కూర్చోనట్టు ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. విరగకుండా ఉండడం తప్ప గంప ఏం చేయగలదు?

పొద్దు గూకుతుండగా మంద ఇల్లు చేరింది. అయిలయ్య కేకకు కుక్కలు పారిపోయాయి.

"లేవే, పోయినయి."

"నేను లేస్తె మళ్ల వస్తయి."

అతనే రెక్క పట్టి లేపాడు. పిల్లలు రెండూ తల్లుల పొదుగుల కిందికి ఉరికాయి.

బద్ద చిట్లిన నేను ఇప్పుడు పెరటి మూలన వెల్లకిలా పడి ఉన్నాను. నాలో కోడి గుడ్లు పెడుతోంది. అయిలయ్య ఇనుప గంప తెచ్చాడు, దడికి ముళ్లకంప కట్టాడు. కొత్త ఈత పిల్లలు ఇనుప గంప కింద హాయిగా ఉన్నాయి. అయినా మంద కదలగానే కొమురవ్వ వచ్చి ఆ గంప మీద కూర్చుంటుంది. చెల్లెలి బిడ్డ పెండ్లికి కూడా పోలేదు.

"ఇనుపది గదనే, ఏం గాదు," అంటాడు అయిలయ్య. ఆమె దడి వైపే చూస్తుంది.

సాయంత్రం అతను గంప ఎత్తి పిల్లల్ని వదులుతాడు. కొమురవ్వను ఆ గంప నుంచి ఎట్లా వదిలించాలో అతనికి తెలియడం లేదు.