ఇనుప రైతు ఎడమచెయ్యి

కూడలిలో ఇనుప రైతును నిలబెట్టేసరికి వెల్డరుకు తలప్రాణం తోకకొచ్చింది. పాత కొడవళ్లు, అరిగిన నాగటి కర్రులు ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చి ఆరు నెలలు అతికాడు. మనిషెత్తు బొమ్మ. కుడిచేతిలో కొడవలి, భుజాన గోధుమ కట్ట, కిందికి వేలాడే ఎడమచెయ్యి. ఈ నేల గోధుమ పండించి బతికిందని దారినపోయేవాళ్లకు తెలియాలట! అందుకే పురపాలక సంఘం పెట్టిస్తోంది.

వాళ్లకది రైతు. వెల్డరుకు మాత్రం పోయిన అన్న. ఆయనది ఒక్క ఫొటో అయినా లేదు. "మీ అన్న మొహం మరిచిపోతున్నా అబ్బాయ్" అని వదిన ఒకరోజు బావురుమంది. "మళ్లీ చూపిస్తా వదినా" అని నోరు జారాడు. ఎంత సాగగొట్టినా ఆ మొహం రాలేదు. చెయ్యి మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఎడమచేతికి చివరి రెండు వేళ్లు లేవు. చిన్నప్పుడు తను నూర్పిడి మిషనులో చెయ్యి పెట్టబోతే, తనను లాగేసి అన్న పోగొట్టుకున్న వేళ్లవి.

ఆవిష్కరణకు గంట ముందు ఛైర్మన్ వచ్చి చూశాడు.

"వేళ్లేవయ్యా? తెగిన చెయ్యి చూపించి ఊరి పరువు తీస్తావా?"

"ఇలాంటి చేతులే సార్, ఆ గోధుమ కోసింది."

"నీ కథలు నాకొద్దు. పెద్దలొచ్చేలోగా వేళ్లు పెట్టు. లేదంటే క్రేను పిలిచి పీకించేస్తా. పెట్టాక మళ్లీ ముట్టుకున్నావో, కేసే!"

పీకేస్తే వదినకు ఏం చూపించాలి? ఎంత బతిమాలినా ఛైర్మన్ వినలేదు. చివరికి రెండు కమ్మీ ముక్కలు వంచి, పళ్లు బిగబట్టి అతికేశాడు. పాడు పనితనం, ఎక్కడ అతికాడో ఆనవాలు కూడా తెలియకుండా కుదిరింది!

రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, కార్లెక్కి వెళ్లిపోయారు. అప్పుడొచ్చింది వదిన, పనిచేసే పిండిమర నుంచి తిన్నగా, మోచేతుల దాకా పిండితో. బొమ్మ మొహం వంక చూడనే లేదు. మొగుడితో నడిచినన్నాళ్లూ ఆ వేళ్లు లేని చోట తన వేళ్లు పెట్టి పట్టుకోవడం ఆమె అలవాటు. ఇప్పుడూ అలాగే పట్టుకోబోయింది. చోటు దొరకలేదు. మళ్లీ తడిమింది. రెండు ఇనుప వేళ్లు చేతికి అడ్డం తగిలాయి.

చెయ్యి వెనక్కి తీసుకుని మరిది వైపు తిరిగింది.

"ఈయనెవరు అబ్బాయ్?"

వెల్డరు తన పది వేళ్లూ వీపు వెనక దాచుకున్నాడు.